తైలమగ్న టైమింగు బెల్టు: చరిత్రయు సంరక్షణమును

మోటారు కారు ఇంజనులో క్రాంకుషాఫ్టు భ్రమణమును క్యాంషాఫ్టునకు అందించుటకై, ఇంజను లోపలనే, దాని నూనెలో తడియుచు తిరుగునట్లు అమర్చబడిన పళ్ళ రబ్బరు బెల్టు తైలమగ్న టైమింగు బెల్టనబడును. మెకానిక్కులు దీనిని వెట్ బెల్టందురు. క్రాంకు రెండు చుట్లు తిరుగునంతలో క్యాంషాఫ్టు సరిగా ఒక చుట్టు తిరిగి, గాలి లోనికి వచ్చు వాల్వులను, పొగ వెలికి పోవు వాల్వులను తమతమ క్షణములందు తెరచి మూయవలెను. ఈ లయ ఒకటి రెండు పళ్ళ మేర తప్పినను ఇంజను బలము తగ్గి కుంటును. బెల్టు పూర్తిగా తెగెనేని, నేటి చిన్న ఇంజనులలో పెక్కింటియందు పిస్టను ఎగయు చోటికే వాల్వు దిగుచుండును గావున, రెండును ఢీకొని వాల్వులు వంగిపోవును. ఆ పిమ్మట హెడ్డు దింపుట తప్ప గత్యంతరము లేదు.

తొలినాటి ఇంజనులందు ఈ పనిని పళ్ళచక్రములును, ఉక్కు గొలుసులును నిర్వహించెడివి. ఆంధ్రదేశపు రోడ్లపై దీర్ఘకాలము రాజ్యమేలిన అంబాసిడరు, ప్రీమియరు పద్మినీ కార్లు రెండును గొలుసు ఇంజనులవే. గొలుసునకు ఒక సద్గుణము కలదు: అరిగినపుడు అది మౌనముగా నుండదు, తెల్లవారి స్టార్టు చేయగానే ఇంజను ముందువైపు గలగలమని శబ్దించి, తన అవసానమును యజమానికి ఎంతో ముందుగానే ఎరుకపరచును. బరువు, రొద, వెల అనునవి దాని దోషములు. ఈ దోషములకు విరుగుడుగా వచ్చిన పళ్ళ బెల్టు మొదట కార్ల కొరకు పుట్టినదే కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు గిల్మరు కంపెనీ 1940లలో, కుట్టుమిషనునందలి సూది కదలికను క్రింది కండె కదలికతో జారకుండ జతపరచుటకై దానిని రూపొందించెను. 1962లో పశ్చిమ జర్మనీకి చెందిన హాన్స్ గ్లాస్ సంస్థ తన 1004 కారునందు దానిని వాడి, పెద్దసంఖ్యలో తయారగు కార్లలో టైమింగు బెల్టును ప్రవేశపెట్టిన కీర్తిని పొందెను. 1966లో ఫియట్ సంస్థ 124 స్పోర్టు కారునకై ఆరేలియో లాంప్రెది నిర్మించిన జంట క్యాంషాఫ్టుల ఇంజను ఈ మార్గమునే అనుసరించెను. మన దేశమున 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 కారు, తన 796 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజనుతో, ఈ బెల్టును చిన్న పట్టణపు షెడ్డులకు సైతము పరిచయము చేసెను.

ఆ బెల్టు పొడి బెల్టు. ఇంజను వెలుపల ప్లాస్టికు మూత చాటున తిరిగెడి దానికి నూనె పరమశత్రువు. క్యాంషాఫ్టు ఆయిల్ సీలు కారి, నాలుగు చుక్కలు బెల్టుపై పడినచో అది మెత్తబడి చెడునని ప్రతి మెకానిక్కును శిష్యునకు మొదటి పాఠముగా చెప్పెడివాడు. అట్టి బెల్టును నూనెలోనే ముంచి నడపవచ్చునన్న ఆలోచన కలుగుటకు రబ్బరు రసాయనశాస్త్రము మారవలసివచ్చెను. 1980లలో వ్యాపారమున ప్రవేశించిన హైడ్రోజనీకృత నైట్రైలు రబ్బరు, పూర్వపు రబ్బరులకంటె వేడికిని నూనెకును ఎక్కువగా ఓర్చుకొనగలిగినది. దానిలో గాజునార త్రాళ్ళను పొదిగి, పళ్ళపై జారుడు గుడ్డను తొడిగి తయారుచేసిన బెల్టును, ఈ శతాబ్దపు తొలి దశాబ్ది ముగియుచుండగా, ఫోర్డు సంస్థ తన 1.8 లీటర్ల డీజిలు ఇంజనులో గొలుసునకు బదులుగా నూనెలో దింపెను.

పెట్రోలు కార్లలో ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినది 2012లో వెలువడిన ఫోర్డు ఎకోబూస్టు 999 ఘనసెంటీమీటర్ల ఇంజను. ఏ4 కాగితముపై నిలుచునంత పునాది గల ఈ చిన్న యంత్రము, 2012 మొదలు వరుసగా మూడేండ్లు అంతర్జాతీయ ఉత్తమ ఇంజను బహుమానము నందినది. దీనియందు ఒకటి కాదు, రెండు బెల్టులు నూనెలో తిరుగును: ఒకటి క్యాంషాఫ్టులకు, రెండవది ఆయిల్ పంపునకు. ఆ యేడే ఫ్రాన్సునందు ప్యూజో, సిత్రోయెన్ కార్ల సంస్థ కూడ తన 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ ఇంజనుకు ఇదే పద్ధతి నవలంబించెను. లాభములు కల్పితములు కావు. బెల్టును సన్నగా చేయవచ్చును, ఇంజను పొడవు తగ్గును, గొలుసుకంటె నిశ్శబ్దముగా తిరుగును, రాపిడి తక్కువగుటచే ఇంధనము కొంత మిగులును. ఈ జాతి ఇంజనుల బెల్టు పదేండ్లు లేక 2,40,000 కిలోమీటర్లు నిలుచునని ఫోర్డు సంస్థ పలు దేశములందు ప్రకటించెను. అనగా సామాన్యుడు కారును అమ్ముకొను దాక దాని ఊసెత్తనక్కరలేదని అర్థము.

మన దేశమునకు ఈ బెల్టు చెన్నై సమీపమున మరైమలై నగరపు కర్మాగారమున తయారైన ఎకోస్పోర్టు కారుతో, 2013 జూనులో వచ్చినది. 2017 చివర అదే కారునకు డ్రాగను అను 1,497 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల ఇంజనును, మరుసటి ఏడు చిన్న కార్లకు దాని 1.2 లీటర్ల తమ్ముని అమర్చిరి; ఇవియు తైలమగ్నములే. 2021 సెప్టెంబరులో ఫోర్డు మన దేశమున కార్ల తయారీని విరమించుచున్నట్లు ప్రకటించినను, ఆ కార్లు రోడ్లను విడువలేదు. నేడు అరకు దారిలోని అనంతగిరి ఘాటురోడ్డు మలుపులందును, పాడేరు వీధులందును అవి సెకండుహాండు కార్లుగా రెండవ, మూడవ యజమాని చేతిలో తిరుగుచున్నవి.

బెల్టును నూనెలో ముంచినందున నూనె కేవలము కందెన కాక, ఆ బెల్టునకు నివాసమే అయినది. నూనె మారిన బెల్టు ఆయువు మారును. నిర్మాతల లెక్క తప్పినది ఇచ్చటనే. చల్లని ఇంజనులో కొంత పెట్రోలు ఆవిరి కాక, పిస్టను రింగులను దాటి దిగువ ఛాంబరులోని నూనెయందు కలియును. ఇంధనమును నేరుగా సిలిండరులోనికే చిమ్ము ఎకోబూస్టు వంటి ఇంజనులలో ఇది మరింత అధికము. పెట్రోలు కలసిన నూనెలో రబ్బరు నానబెట్టిన శనగవలె ఉబ్బి, మెత్తబడి, క్రమముగా అంచులు చిట్లి, పొడి రాల్చును. ఆ పొడి నూనెతోకూడ ప్రయాణించి, ఆయిల్ పంపు నోటనున్న జల్లెడపై పేరుకొనును. ఇట్లు బెల్టు తెగకమునుపే ఇంజనుకు నూనె అందుట తగ్గి, బేరింగులు కాలవచ్చును. ఫ్రెంచి ఇంజనులలో ఈ రేణువులు బ్రేకు బలమునిచ్చు వాక్యూము పంపు జల్లెడను మూయుటచే, ఆ సంస్థ లక్షలకొలది కార్లను వెనుకకు పిలిపించి పరీక్షించవలసివచ్చెను. తరువాత 2024లో తన పాత ప్యూర్‌టెక్ ఇంజనులకు పదేండ్లు లేక 1,75,000 కిలోమీటర్ల వరకు హామీని పొడిగించెను. 2023 డిసెంబరులో ఫోర్డు అమెరికాయందు సుమారు 1,40,000 కార్లను ఆయిల్ పంపు బెల్టు దోషమువలన వెనుకకు పిలిచెను. వానిలో చేరిన ఎకోస్పోర్టులు చెన్నై నుండి ఓడనెక్కి వెళ్లినవే. ఈ రెండు సంస్థలును తరువాతి తరపు ఇంజనులలో క్యాంషాఫ్టునకు మరల గొలుసునే తొడిగినవి. నిర్మాతయే వెనుకకు తిరిగిన దారిని, పాత కార్ల యజమానులు మాత్రము ముందుకే నడువవలసియున్నది.

ఇక ఆ కార్లు తిరుగు కొండదారుల సంగతి చూతము. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. విశాఖపట్టణము నుండి శృంగవరపుకోట, అనంతగిరుల మీదుగా సుమారు 115 కిలోమీటర్ల దారి. ఘాటు ఎక్కినందున బెల్టు చెడునని ఈ ప్రాంతపు డ్రైవర్లు పలువురు తలంతురు. ఈ తలంపు సరికాదు. ఎడతెగని ఎక్కుడులో ఇంజను బాగుగా వేడెక్కి, నూనెలో చేరిన పెట్రోలు ఆవిరియై పోవును గనుక, ఆ ప్రయాణము తైలమగ్న బెల్టునకు మేలే చేయును. కీడు చేయునది కొండపైకి చేరిన తరువాతి చిల్లర తిరుగుడు. ఈ కొండలలోని లంబసింగిలో చలికాలపు రాత్రులు సున్న డిగ్రీలను తాకునంత చలిగా నుండును. పాడేరున బస చేసిన యాత్రికుడు మేఘసముద్రమును చూచుటకై తెల్లవారకముందే లేచి, గడ్డకట్టునంత చల్లని ఇంజనును స్టార్టు చేసి, కొద్ది కిలోమీటర్ల దూరమున వంజంగి కొండ క్రింద ఆపివేయును. దిగివచ్చి మరల చల్లారిన ఇంజనుతో బసకు వచ్చును. ఉపాధ్యాయులు, ఉద్యోగులు బడికి, కార్యాలయమునకు, సంతకు వేయు చిన్న చిన్న ప్రయాణములును ఇట్టివే. వీరి మీటరుపై కిలోమీటర్లు తక్కువే. నూనెలో పెట్రోలు ఎక్కువ. అందుచే కొండకారునకు కిలోమీటర్లు నమ్మదగిన కొలత కావు. కాలమును, నూనె రంగును, వాసనను లెక్కించవలెను. పరోక్షముగా ఇంధనము చిమ్ము డ్రాగను ఇంజనులో ఈ కల్తీ కొంత తక్కువయైనను, పూర్తిగా లేదనరాదు.

దిగుడున మరియొక అపాయమున్నది. అనంతగిరి మలుపులలో తక్కువ గేరులో నిలిపి దిగు కారులో, వాక్యూము లోపించిన బ్రేకు పెడలు రాయివలె గట్టిపడినచో, కారును ఆపుటకు మామూలుకంటె ఎంతో ఎక్కువ కాలిబలము కావలసివచ్చును. అట్టి చోట పెడలు గట్టిపడినట్లు ఒకసారి తోచినను, దానిని ప్యాడుల దోషముగా భావించి ఊరకుండక, ఇంజను నూనె జల్లెడ వరకు వెదకవలెను.

పరీక్షయందు పొడి బెల్టునకు, తడి బెల్టునకు గల భేదము మిక్కిలి స్పష్టము. పొడి బెల్టునకు నాలుగు బోల్టులు ఊడదీసి మూత ఎత్తిన చాలును. తడి బెల్టు ముందు మూత సీలెంటు పూతతో అతికియుండును. దానిని విప్పుటకు ముందు క్రాంకు పుల్లీని తీయవలెను. ఫోర్డు ఎకోబూస్టు ఇంజనులో ఆ పుల్లీకి కీ అనబడు చీలయే ఉండదు. బోల్టు బిగువుచేతనే అది నిలుచును. కాబట్టి క్రాంకును, క్యాంషాఫ్టులను ప్రత్యేక పనిముట్లతో బంధింపక బోల్టును వదలించుట, టైమింగును చేతులారా చెడగొట్టుకొనుటయే. ఆ పనిముట్లు కొండలపై సర్వీసు జీపులను చూచు షెడ్డులలో దొరకుట అరిది.

ఐనను తలుపు తెరవకనే లోపలి సంగతి కొంత తెలిసికొనవచ్చును. ఫ్రెంచి ఇంజనునకు సదుపాయమొకటి కలదు: నూనె పోయు మూత తీసి చూచిన బెల్టు కనబడును, దాని వెడల్పునకు సరిపడు గాడి గల చిన్న కొలతబద్దను లోనికి దించి బెల్టుపై ఆనించిన, ఉబ్బిన బెల్టు ఆ గాడిలో ఇముడదు. ఇముడకున్న బెల్టు మార్చవలసినదే. వీపున అడ్డముగా పగుళ్ళు, అంచున నూలుపోగులు లేచుట కూడ అట్టి లక్షణములే. ఇతర ఇంజనులకు నూనె మార్చునపుడే పరీక్ష జరుపుట మేలు. తీసిన నూనెను పాత గుడ్డపై పలుచగా పరచి వెలుతురున చూడవలెను. పాత ఫిల్టరును కోసి, దాని కాగితపు మడతలను విప్పి చూడవలెను. మామూలు మసి వేలికి అంటుకొని పాకును. బెల్టు ముక్క నలుపే అయినను, వేళ్ళ నడుమ నలిపినపుడు సాగి, రబ్బరుగానే మిగులును, కొన్నిటికి సన్నని నార అంటియుండును. ఇట్టి ముక్క ఒక్కటి కనబడినను ఛాంబరు దింపి జల్లెడను కడుగవలెను. వేడెక్కిన ఇంజను ఖాళీగా తిరుగునపుడు ఆయిల్ లైటు మినుకుమన్నచో, లోపలికి నూనె పోయుటతో సరిపెట్టుకొనుట ప్రమాదకరము. ప్రెషరును గేజితో కొలిపించవలెను.

నూనె విషయమున కొండ పట్టణములలో తరచుగా జరుగు పొరపాటొకటి ఇచ్చట చెప్పక తప్పదు. జీపులకును, ట్రాక్టర్లకును వాడు 15డబ్ల్యు40 డీజిలు నూనె ఎల్లెడల దొరకును. అన్ని నూనెలు ఒకటేయని అమ్మువాడు చెప్పును. తైలమగ్న బెల్టు గల ఇంజనుకు కారు పుస్తకములో ముద్రించిన గ్రేడు, సంస్థ ఆమోదపు సంఖ్య రెండును కలసిన నూనెనే వాడవలెను. పలుచదనము సరిపోయిన మాత్రమున చాలదు, దానిలో కలిపిన మందులు ఆ రబ్బరునకు పడవలెను. అదే కారణముచే ఇంజను కడుగు ఫ్లషింగు ద్రవములను, శక్తిని పెంచునని అమ్ము సీసాలను అందు పోయరాదు. నూనె మార్చు గడువును పుస్తకము చెప్పినదానికంటె తగ్గించుకొనుట, అనగా చిన్న ప్రయాణముల కారునకు ఏడాదికి బదులు ఆరు నెలలకే మార్చుట, బెల్టు వెలతో పోల్చిన చౌకయే.

2013లో కొన్న ఎకోస్పోర్టులు పదేండ్ల గడువును ఇప్పటికే దాటినవి. 2017 చివర వచ్చిన డ్రాగను ఇంజనులు 2027లో దాటుచున్నవి. ఇట్టి కారును సెకండుహాండులో కొనువారు మీటరును చూచుటకంటె ముందు నూనె మార్పించిన బిల్లులను అడుగవలెను. బిల్లులు లేనిచో బెల్టు మార్పు ఖర్చును ధరలో తగ్గించి బేరమాడుట న్యాయము. మార్చునపుడు ఎకోబూస్టు ఇంజనులో క్యాంషాఫ్టు బెల్టుతోపాటు ఆయిల్ పంపు బెల్టును, టెన్షనరును, క్రాంకు బోల్టును కూడ క్రొత్తవి వేయించి, ఛాంబరులోని జల్లెడను శుభ్రపరచి, మార్చిన తేదీని బానెట్టు క్రింద చీటీ వ్రాసి అంటించుట షెడ్డువారికి నేర్పవలసిన పద్ధతి.