రెండు బాడుగల నడుమ ఖాళీ ఇల్లు

ఇల్లు బాడుగకిచ్చేవాళ్లూ, బాడుగ ఇంట్లో ఉండేవాళ్లూ మన సంఘంలో సమానంగానే ఉన్నారు. చేరేటప్పుడు అందరూ స్నేహితులే. ఖాళీ చేసే రోజున మాత్రం అడ్వాన్సు దగ్గర మాటలు పెరుగుతాయి. కుళాయి ఎవరు విరగ్గొట్టారు, గోడకు మేకులు ఎవరు కొట్టారు, రంగు ఖర్చు ఎవరిది? ఒకరు వెళ్లి ఇంకొకరు చేరే నడుమ ఉండే ఆ పది రోజుల చరిత్ర గురించి ఈసారి రాస్తున్నాను.

మద్రాసులో తిరువల్లిక్కేణి, మైలాపూరు వైపు 'స్టోర్స్' అని ఉండేవి. ఒకే వాకిలి, నడుమ పొడవాటి దారి, రెండు పక్కలా చిన్న చిన్న పోర్షన్లు, అందరికీ కలిపి బావి, మరుగుదొడ్లు. ఇంట్లో ఇంటాయన అమర్చిన సామాను దాదాపు ఏమీ ఉండదు కాబట్టి లెక్క చూడడానికీ ఏమీ ఉండదు. సున్నం కొట్టించి తాళం చెవి ఇస్తే పని అయిపోయినట్టే. ఆడి నెలలో, మార్గళిలో ఎవరూ ఇల్లు మారరు. అందువల్ల ఆనిలో ఖాళీ అయిన పోర్షన్ ఆవణి దాకా అలాగే ఉండేది. మరమ్మతు చేయించే ఇంటాయనకు అదే తీరిక కాలం.

ఖాళీ ఇంటిని సర్కారు లెక్కలోకి తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. ఊళ్లలో ఇళ్ల కరువు వచ్చి, భారత రక్షణ నిబంధనల కింద 1941లో మద్రాసు రాజధానిలో ఇంటి బాడుగల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. యుద్ధం ముగిశాక అదే 1946లో చట్టమైంది, 1949లో మళ్లీ కొత్త చట్టం, ఆపైన 1960 చట్టం. 1953లో ఆంధ్ర విడిపోయినప్పుడు 1949 చట్టం వాళ్లతోనూ వెళ్లింది. వాళ్లూ 1960లోనే తమ చట్టం చేసుకున్నారు. అంటే రెండు రాష్ట్రాల బాడుగ చట్టాలూ ఒక తల్లి పిల్లలే.

మన 1960 చట్టంలో మూడో సెక్షన్ చూడండి. ఇల్లు ఖాళీ అయిన 7 రోజుల లోపల ఇంటాయన సర్కారు అధికారికి రాసి తెలపాలి. ఆ కాగితం అందిన 10 రోజుల లోపల సర్కారు తన ఉద్యోగి కోసమో ఆఫీసు కోసమో ఆ ఇల్లు కావాలని చెప్పకపోతేనే వేరేవాళ్లకు ఇచ్చుకోవచ్చు. ఇల్లు ఖాళీ అయిందా లేదా అన్నది సర్కారుకు కావాలి. ఏ స్థితిలో ఖాళీ అయింది, తలుపులు, గొళ్లాలు బాగున్నాయా అన్నది కాదు.

ఆ రెండోదాన్ని పట్టించుకున్నది రైల్వే, ఎందుకంటే ఇల్లు దానిదే. క్వార్టర్ ఖాళీ చేస్తే తాళం చెవి వర్క్స్ ఇన్‌స్పెక్టర్ చేతికి ఇవ్వాలి. తలుపులు, కుళాయిలు, గాజులు ఒకరు చూస్తారు. ఫ్యాను, స్విచ్చులు, మీటరు రీడింగు ఎలక్ట్రికల్ వాళ్లు చూస్తారు. తక్కువైనదాని ఖర్చు వసూలు చేస్తారు. ఖాళీ చేసిన తేదీ కాగితం మా టేబుల్‌కు వచ్చాకే జీతంలో క్వార్టర్ బాడుగ కోత ఆగుతుంది. రిటైరైనవాళ్లకు ఆ తేదీ ఇంకా గట్టిది. మామూలు బాడుగకు 4 నెలలు, రెట్టింపు బాడుగకు మరో 4 నెలలు ఉండవచ్చు. ఆపైన అనుమతి లేకుండా ఉన్న ప్రతి నెలకూ ఒక సెట్ పాసు పోతుందని 1982 నుంచి నియమం. ఒక్క తేదీ రాయకపోతే గ్రాట్యుటీ దాకా చిక్కు.

ప్రైవేటు ఇళ్లలో అలాంటి కాగితం లేదు. దాని చోటులోకి అడ్వాన్సు వచ్చి కూర్చుంది. 1960 చట్టం ప్రకారం ఒక నెల బాడుగ కన్నా ఎక్కువ అడ్వాన్సు తీసుకోకూడదు. చెన్నైలో నడిచింది పది నెలలు! కుళాయి పాతదా కొత్తదా అని ఎక్కడా రాసి లేనప్పుడు, డబ్బు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే నెగ్గుతుంది. ఇంటాయన చెడ్డవాడు కానక్కరలేదు. గోడ నిజంగానే పాడుచేసి వెళ్లేవాళ్లూ ఉన్నారు. రెండు పక్కలా రుజువు లేదు, అంతే.

ఆ పాత చట్టం పోయింది. 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులో ఉంది. వేరుగా ఒప్పుకోకపోతే అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించకూడదు. బాడుగ ఒప్పందం రాతలో ఉండాలి. చట్టం చివర ఉన్న పట్టికను చాలామంది చదవరు. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే గోడలకు వెల్ల, తలుపులకూ కిటికీలకూ రంగు, పైపులు మార్చడం, కరెంటు వైరింగు ఇంటాయన బాధ్యత. కుళాయి వాషరు, కాలువ శుభ్రం, స్విచ్చులు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమల వల బాడుగకున్నవాళ్ల బాధ్యత. కానీ వెళ్లేటప్పుడు రంగు ఖర్చని ఒక నెల బాడుగ పట్టుకోవడం మనలో మామూలు. ఒప్పందంలో ఆ మాట ఉందా అని ముందు చూసుకోండి.

ఎవరి పని ఏది అని చట్టం చెప్పింది. చేరిన రోజున ఏది ఎలా ఉందో రాసుకోవలసింది మాత్రం మనమే. దానికి ఒక కాగితం చాలు. చేరే రోజున గదివారీగా ఉన్నవి, వాటి స్థితి, మీటరు రీడింగు, తాళం చెవులు ఎన్ని అన్నది రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, ఫోనులో ఫోటోలు తీసుకోండి. ఖాళీ చేసే రోజున అదే కాగితం పట్టుకుని ఇద్దరూ కలిసి ఇల్లు తిరగండి. పక్కనే ఇంకో వరుస గీసి, రంగు, ప్లంబరు, కరెంటు, శుభ్రం, ఏ పని ఎవరిది, ఏ తేదీకి అయింది అని నింపండి. తరువాత వచ్చేవాళ్లకు అదే మొదటి కాగితం.

మనలో వయసైనవాళ్లు చాలామందికి ఆ అడ్వాన్సే పెద్ద పొదుపు. కొందరికి ఆ ఒక్క పోర్షన్ బాడుగే పింఛను. ఇద్దరినీ కాపాడేది ఆ ఒక్క కాగితం. వచ్చే తై నెలలో ఇల్లు మారేవాళ్లు, పాలు పొంగించే ముందు ఆ కాగితం రాసుకోండి. నమూనా కావలసినవాళ్లు అడగండి, చేత్తో రాసి పంపుతాను.