పాలమూరు సీమ వైద్యచరిత్రకు ఆధారములు

వైద్యమునకు నాలుగు పాదములని చరకసంహిత సూత్రస్థానము చెప్పుచున్నది. భిషక్కు, ద్రవ్యము, ఉపస్థాత, రోగి యను నీ నాలుగును సమకూడినప్పుడే చికిత్స సిద్ధించునని ఆయుర్వేదజ్ఞుల మతము. వైద్యచరిత్రమును వ్రాయబూనిన వారికిని ఈ విభాగము మార్గదర్శకముగా గ్రహింపదగినది. ఏలయన, ఒక్కొక్క పాదమునకు చెందిన ఆధారములు ఒక్కొక్క తీరుగా నున్నవి. ఒక్కొక్క తీరు ఆధారము కొన్ని ప్రశ్నలకు మాత్రమే సమాధాన మీయగలదు. తెలుగుదేశమున వైద్యచరిత్ర యనగా గ్రంథకర్తల కాలనిర్ణయము, ఓషధుల పట్టికలు, రసౌషధ ప్రశంస యనియే పలువురు తలంతురు. ఇవి మొదటి రెండు పాదములకు చెందిన విషయములు. ఉపస్థాతను గూర్చి తెలిసినది స్వల్పము. రోగి దాదాపుగా కానరాడు. ఎవనికొఱకు శాస్త్రము పుట్టినదో వాడే చరిత్రలో లేకుండుట గొప్ప లోపము. ఆ లోపమును తీర్చుటకు ఎట్టి సామగ్రి గలదో గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములను దృష్టాంతముగా గొని యిచట విచారింపబడుచున్నది.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ మొదలుకొని నల్లమల యడవి వఱకు వ్యాపించిన యీ ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీన వేఱు జిల్లాలగుటకు ముందు మహబూబునగరు జిల్లాలోనివి. ప్రజలు పాలమూరని పిలుచు సీమ యిది. నైజాము పాలనమున గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, గోపాలుపేట సంస్థానము లిచట నుండెను. పండితసత్కారముచే గద్వాల ‘విద్వద్గద్వాల’ యని పేరుగాంచెను. ఈ సంస్థానముల కవులను గూర్చియు, శతావధానములను గూర్చియు వ్రాసినవారు పెక్కురు. ఆ కవులు జ్వరపడినప్పుడు ఎవ్వరు చూచిరో, ఆ కోటలకు రాళ్లు మోసినవారు జబ్బుపడినప్పుడు ఎచ్చటికి పోయిరో విచారించినవారు అరుదు.

మొదటి పాదమైన భిషక్కును గూర్చిన సాక్ష్యము ప్రధానముగా గ్రంథములయం దున్నది. తెలుగునాట వైద్యుల యిండ్ల మిక్కిలి ప్రచారము గాంచినది బసవరాజీయము. 25 ప్రకరణముల యీ గ్రంథమున సంస్కృత శ్లోకములతోపాటు తెలుగును గలదు. ఇట్టి గ్రంథము వైద్యుడు చేయవలసిన దానిని చెప్పును. చేసిన దానిని చెప్పదు. ధర్మశాస్త్రమును జదివి నాటి తగవులన్నియు అట్లే తీర్పబడెనని చెప్పుట యెంత సాహసమో, సంహితను జదివి నాటి రోగులందఱును అట్టి చికిత్సయే పొందిరని చెప్పుటయు అంత సాహసమే.

అయినను గ్రంథమునుండియే ఆచారమును కొంత కనుగొనుటకు ఉపాయము గలదు. అచ్చుప్రతిని విడిచి తాళపత్రప్రతులను పరిశీలింపవలయును. ఏ యాకు ఎక్కువగా నలిగినది, ఏ యోగము అంచున చేర్చబడినది, సంస్కృత మానములు తులములలోనికి ఎట్లు మార్చబడినవి, దొరకని ద్రవ్యమునకు ప్రతినిధిగా ఏది వ్రాయబడినది యను విషయములు వైద్యుని చేతిపనిని జూపును. గ్రంథపరిష్కర్తలు మూలపాఠమును శుద్ధి చేయుతలంపున ఇట్టి చేర్పులను దోషములని తీసివేయుట కలదు. పాఠపరిష్కరణమునకు అవి దోషములే కావచ్చును. చరిత్రకు మాత్రము అవియే ముఖ్యసాక్ష్యములు.

రెండవ పాదము ద్రవ్యము. ఈ విషయమున పాలమూరు సీమకు గల ప్రఖ్యాతి సామాన్యము గాదు. శ్రీశైలమునకు పశ్చిమద్వారమైన అలంపురము గద్వాల జిల్లాలోను, ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరము నాగరుకర్నూలు జిల్లాలోను ఉన్నవి. నిత్యనాథసిద్ధుని రసరత్నాకరమునందును, ఆనందకందమునందును శ్రీశైల పరిసరములలో సాధకులు పొందదగిన సిద్ధులను గూర్చి ప్రత్యేకభాగములే కలవు. అలంపుర స్థలపురాణమున రససిద్ధుడనువాడు దైవానుగ్రహమున రసమును సాధించి, లోహమును బంగారు గావించి, నవబ్రహ్మాలయములను గట్టించెనను కథ గలదు. ఆ తొమ్మిది ఆలయముల పేరులు సిద్ధులు కనిపెట్టిన ఓషధుల పేరులే యని మఱియొక ప్రతీతి.

ఈ ప్రతీతిని చరిత్రకారుడు నమ్మకము చేతను గాని, నిరసనము చేతను గాని తేల్చరాదు; పరీక్షింపవలయును. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ యనునవి ఆ బ్రహ్మల నామములు. వీనిలో అర్కము జిల్లేడు, పద్మము తామర, విశ్వ యనగా నిఘంటువులలో శొంఠి. ఈ మూడును నిరాక్షేపముగా ద్రవ్యనామములు. కాని కలబందకు పేరు కుమారి గాని కుమారుడు గాదు. ఓషధి పేరు ‘బలా’. దేవుని పేరు ‘బాల’. హ్రస్వదీర్ఘ భేదమును ఉపేక్షించిననే గాని యీ సామ్యము కుదురదు. స్వర్గ, తారక శబ్దములు ద్రవ్యనామములుగా అంత ప్రసిద్ధములు గావు. కాబట్టి తొమ్మిదింటికిని ఒకేతీరున అర్థము చెప్పుటకు వీలులేదు.

ఇక కాలమును విచారింతము. నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల కాలమున, క్రీ. శ. 7, 8 శతాబ్దులలో వెలసినవి. స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని కాలమున (681–696) రాణి గౌరవార్థము కట్టబడినదని అచటి శాసనమువలన తెలియుచున్నది. అందు వైద్యప్రసక్తి కారణముగా చెప్పబడలేదు. లభించుచున్న రసతంత్రములలో ప్రసిద్ధములైనవి అంతకు తరువాతివి. కావున రససిద్ధుని కథ ఏడవ శతాబ్దికి సాక్ష్యము గాజాలదు. అంతమాత్రమున అది నిష్ప్రయోజనమును గాదు. శ్రీశైలప్రాంతమున రసవైద్యము ప్రబలిన పిదప, జనులు పూర్వాలయముల నామములను గూడ మందుల భాషలో అర్థము చేసికొనిరని ఆ కథ తెలుపుచున్నది. కథ ఏ కాలమును గూర్చి చెప్పుచున్నదో ఆ కాలమునకు గాక, ఏ కాలమున చెప్పబడినదో ఆ కాలమునకు సాక్ష్యమగుట యితిహాసపరిశోధనమున తఱచుగా కనబడు సంగతి. అలంపురవాసియైన గడియారము రామకృష్ణశర్మ (1919–2006) ఆ క్షేత్రపు శాసనములను, చరిత్రను వెలుగులోనికి దెచ్చుటకు పాటుపడెను. అట్టి కృషి వలననే స్థలపురాణమును శాసనముతో సరిచూచుట సాధ్యమైనది.

ద్రవ్యమును గూర్చి గ్రంథములు చెప్పని సంగతి మఱియొకటి గలదు. మందునకు గుణము వ్రాయబడినది. దానిని అడవినుండి తెచ్చినవాని పేరు వ్రాయబడలేదు. నల్లమలలోని అమరాబాదు పీఠభూమి చెంచుల నివాసము. వేరులు, దుంపలు, తేనె సేకరించుట వారి జీవనము. 1943లో ప్రకటితమైన ఫూరర్ హైమెండార్ఫుని గ్రంథము చెంచుల జీవితమును దగ్గఱనుండి వర్ణించిన మొదటి విపులరచనలలో నొకటి. పండితుని నిఘంటువున ఒక ఓషధికి పది పర్యాయపదము లుండవచ్చును. చెట్టును గుర్తుపట్టువాడు వేఱొకడు. ఇరువురి మాటలను చేర్చి చూడనిదే ద్రవ్యచరిత్ర పూర్తిగాదు.

మూడవ పాదము ఉపస్థాత, అనగా రోగికి పరిచర్య చేయువాడు. ఇచట శాసనములు తోడ్పడును. అవి యీ సీమలోనివి గాకున్నను, దక్షిణదేశపు ఆచారమును దెలుపుచున్నవి. తమిళదేశమున తిరుముక్కూడలిలోని వీరరాజేంద్రచోళుని శాసనము 11వ శతాబ్దిలోని ఒక ఆరోగ్యశాలను వర్ణించుచున్నది. అందు 15 పడకలు, వైద్యుడు, శస్త్రచికిత్సకుడు, మందులు తెచ్చువా రిద్దఱు, పరిచారిక లిద్దఱు పేర్కొనబడిరి. నిలువయుంచవలసిన మందుల పట్టికయు గలదు. తెలుగుదేశమున రుద్రమదేవి కాలపు మల్కాపుర శాసనము (1261) ఇంతకంటెను విశేషమైనది. విశ్వేశ్వరశివాచార్యుడు తనకు దానముగా వచ్చిన గ్రామముల రాబడిని మూడు భాగములు చేసి, ఒకటి మఠమునకును, ఒకటి విద్యార్థుల భోజనమునకును, ఒకటి ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకును ఏర్పఱచెను.

ఈ శాసనములు గర్వకారణములే. కాని శాసనము దానపత్రము. ధర్మము చేయబడిన దినమున దాత తలంపు ఎట్టిదో అది చెప్పును. ఆ ప్రసూతిశాలలో ఎందఱు ప్రసవించిరి, ఏ కులములవారికి ప్రవేశముండెను, ఎంతకాలము అది నడచెను అను ప్రశ్నలకు అందు ఉత్తరము లేదు. మధ్యయుగ దక్షిణదేశపు వైద్యసహాయమును గూర్చి 1941లో వ్యాసము ప్రకటించిన డాక్టరు డి. వి. సుబ్బారెడ్డి ఇట్టి శాసనములను వైద్యచరిత్రకు ఉపయోగించుటలో అగ్రగణ్యుడు. వైద్యచరిత్రకు హైదరాబాదులో 1956లో ఏర్పడిన ప్రత్యేకశాఖ ఆయన కృషిఫలము. 2009 నుండి అది జాతీయ భారతీయ వైద్యవారసత్వ సంస్థ యను పేర నున్నది.

ఉపస్థాతలలో అధికసంఖ్యాకులు ఇంటి స్త్రీలును, మంత్రసానులును. వారికి శాసనములు లేవు. ఇరువదవ శతాబ్దిలో మెన్నొనైట్ బ్రెదరన్ మిషను నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాలలలో స్థానములు నెలకొల్పెను. జడ్చర్లలో వైద్యశాలను నడపెను. ఇట్టి మిషనుల నివేదికలలో పల్లెపట్టుల రోగములు, ప్రసవములు, పథ్యములు వర్ణింపబడుచుండును. అవి స్వదేశమందలి దాతలకు వ్రాయబడినవి. స్థానికుల ఆచారములను తక్కువచేసి, తమ వైద్యమును ఎక్కువచేసి చూపు ప్రేరణ వానియందు సహజము. దానశాసనమును ఎంత జాగరూకతతో చదువవలయునో నివేదికను గూడ అంత జాగరూకతతోనే చదువవలయును.

నాలుగవ పాదము రోగి. వైద్యచరిత్ర వైద్యుల చరిత్ర మాత్రమే గాదనియు, రోగి దృష్టితో క్రిందినుండి దానిని వ్రాయవలయుననియు ఇంగ్లండున రాయ్ పోర్టరు 1985లో ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. అచట రోగుల దినచర్యలు, ఉత్తరములు లభించును. పాలమూరు రైతు దినచర్య వ్రాసికొనలేదు. కాని అతని భాష గలదు, బావి గలదు, గుడి గలదు.

మొదట భాషను గొందము. తెలంగాణమున కలరాకు గత్తర యని పేరు. మశూచి అమ్మవారు, ఆమె పోచమ్మ. అమ్మవారు పోసిన యింట గుమ్మమునకు వేపమండలు కట్టుట, తాలింపు వేయకుండుట, పరులను రానీయకుండుట ఆచారములు. వీనిని జూచి పూర్వులకు అంటురోగతత్త్వ మంతయు తెలిసియుండెనని చాటుట తగదు; అన్నియు మూఢాచారములని త్రోసివేయుటయు తగదు. రోగికి విశ్రాంతి, ఇంటికి హెచ్చరిక, గ్రామమునకు ఒక క్రమము ఏర్పఱచిన పరిచర్యావిధానముగా వానిని గ్రహించుట న్యాయము. దేశమున మశూచి కడపటిసారి 1975లో కనబడినది.

రోగనామములను నేటి పేరులతో సమము చేయుటలో మిక్కిలి మెలకువ వలయును. తృతీయకము, చాతుర్థకము మొదలగు విషమజ్వరముల లక్షణములు మలేరియాకు దగ్గఱగా నున్నవి. అయినను విషమజ్వరము వచ్చినచోటనెల్ల మలేరియా యని అనువదించుట శాస్త్రసమ్మతము గాదు. 1897లో సికిందరాబాదున రోనాల్డు రాసు దోమకడుపున చూచిన సూక్ష్మజీవియే నేడు మలేరియాకు లక్షణము. ప్రాచీనులకు లక్షణము వేడిమి, వణకు, వాని కాలక్రమము. రెండు విభాగములును రెండు వేఱు సూత్రములపై నిలిచినవి.

నారికురుపు విషయ మట్టిది గాదు. నారి యనగా వింటిత్రాడు. భావప్రకాశమున దీనికి స్నాయుకమని పేరు, స్నాయువును త్రాటివంటిదే. పుండునుండి దారమువలె వెడలు పురుగు కంటికి కనబడునది గావున తెలుగుపేరును, సంస్కృతనామమును, నేటి వైద్యుల నిర్ణయమును ఒక్కదానినే తెలుపుచున్నవి. నీటిలోని సూక్ష్మమైన కీటకమే దీనికి వాహకమని రష్యా దేశీయుడైన ఫెద్చెంకో 1870 ప్రాంతమున కనుగొనెను. రోగి కురుపుగల కాలితో దిగుడుబావిలో దిగినప్పుడు పురుగు పిల్లలు నీట జేరును; ఆ నీరు త్రాగినవానికి సుమారు ఏడాదికి కురుపు లేచును. పురుగును పుల్లకు జుట్టి కొంచెము కొంచెముగా లాగవలయును. తెగినచో కాలు వాచి రైతు మంచమెక్కును. కాబట్టి దిగుడుబావి శిల్పవిషయము మాత్రమే గాదు, వైద్యచరిత్రకును ఆధారము. ఏ యూర ఎన్ని మెట్లబావులుండెను, అవి ఎప్పుడు గిలకబావులైనవి, చేతిపంపు ఎప్పుడు వచ్చెను అను సంగతులు కూడబెట్టిన, ఏ వైద్యగ్రంథమును చెప్పని రోగచరిత్ర బయటపడును. 1996 పిమ్మట దేశమున ఈ రోగము కనబడలేదు. 2000లో ప్రపంచారోగ్యసంస్థ దేశమును దీనినుండి విముక్తమైనదిగా నిర్ణయించెను.

లెక్కలును రోగిని గూర్చిన సాక్ష్యములే. హైదరాబాదు రాజ్య జనసంఖ్య 1911లో సుమారు 1 కోటి 33 లక్షలు. 1921లో సుమారు 1 కోటి 24 లక్షలు. ఈ తగ్గుదలకు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాయు, కఱవును ముఖ్యకారణములు. అంకె నష్టము ఎంతయో చెప్పును. ఎవరియింట దీపము ఎట్లు ఆఱెనో చెప్పదు. దానిని సంస్థానపు కాగితములలోను, ఫారసీ, ఉర్దూ దస్తరములలోను, కుటుంబముల జ్ఞాపకములలోను వెదకవలయును.

ఈ పని యీ సీమకు క్రొత్తది గాదు. ఆంధ్రుల సాంఘిక చరిత్రమును 1949లో ప్రకటించిన సురవరము ప్రతాపరెడ్డి నడిగడ్డలోని ఇటిక్యాలపాటివాడే. కావ్యములనుండి జనుల తిండి, బట్ట, ఆటలు ఎట్లు గ్రహింపవచ్చునో ఆయన చూపెను. రోగమును, పరిచర్యను గూర్చియు అట్టి కృషి జరుగవలసియున్నది. పండితులు తమ యిండ్లలోని వైద్యపత్రములను అంచువ్రాతలతో సహా కాపాడి ప్రతులు తీయింపవచ్చును. ఉపాధ్యాయులు తమ యూరి రోగనామములను, మందుచెట్ల పేరులను, పోచమ్మగుడి ఆచారములను, బావుల వృత్తాంతమును వ్రాయింపవచ్చును. మంత్రసానులును, నారికురుపు బాధను అనుభవించినవారును ఇప్పటికే వృద్ధులు. తాళపత్రము పెట్టెలో మఱికొంతకాలము నిలువవచ్చును గాని వారి మాటలు నిలువవు. కావున పని వారితోనే ఆరంభింపవలయును.