సుఖవాదంపై తాత్విక విమర్శ

తనంతట తానుగా కోరదగినది సుఖం ఒక్కటేననీ, తక్కినవన్నీ దానికి సాధనాలేననీ చెప్పే సిద్ధాంతం సుఖవాదం. దాన్ని కాదనే వాదాలు రెండు దారులు పట్టాయి. సుఖాన్నే వెంటాడేవాడికి ఆ సుఖమూ దక్కదనేది ఒకటి. దక్కినా మనిషి బతుక్కి అది చాలదనేది రెండోది. లోకంలో ఎక్కువగా వినిపించేది మొదటిదే అయినా, తర్కానికి నిలిచింది రెండోదే.

మొదటి వాదానికి మన దేశంలో పేరుపడ్డ రూపం మహాభారత ఆదిపర్వంలోని యయాతి కథ. శుక్రాచార్యుని శాపంతో ముసలివాడైన యయాతి, కొడుకు పూరుని యౌవనం పుచ్చుకుని వేయేళ్లు భోగాలు అనుభవిస్తాడు. అనుభవించేకొద్దీ కోరిక పెరుగుతుందే తప్ప తీరదని గ్రహించి ఆ యౌవనాన్ని తిరిగి ఇచ్చేస్తాడు. తెలుగులో ఈ కథను నన్నయ చెప్పాడు. 16వ శతాబ్దంలో పొన్నెగంటి తెలగన దీన్నే అచ్చతెలుగు కావ్యం చేశాడు. కఠోపనిషత్తులో నచికేతుడు అంత దూరం పోడు. యముడు ఇవ్వజూపిన భోగాలు రేపు ఉండేవి కావనీ, ఇంద్రియాల తేజస్సును హరించేవనీ ముందే నిరాకరిస్తాడు. బుద్ధుడు తొలి ఉపదేశంలో భోగలాలసతోపాటు దేహదండననూ తోసిపుచ్చాడు.

వీటికి ఎదుటిపక్షమైన చార్వాకుల గ్రంథాలు దాదాపుగా మిగల్లేదు. దుఃఖం కలిసి ఉందని సుఖాన్ని వదులుకోవడం తెలివితక్కువతనమని వారు అన్నట్టు 14వ శతాబ్దపు మాధవాచార్యుల సర్వదర్శన సంగ్రహం చెబుతోంది. ఆ రచయిత వారితో ఏకీభవించినవాడు కాదు. వారి వాదం మనకు చేరింది ఎక్కువగా ఇలా ప్రత్యర్థుల చేతుల మీదుగానే.

గ్రీసులో సిరీన్ నగరానికి చెందిన అరిస్టిప్పస్ పేరిట వెలసిన సంప్రదాయం అప్పటికప్పటి దేహసుఖానికి పెద్దపీట వేసింది. విచిత్రంగా, దానికి పెద్ద దెబ్బ ఇంట్లోంచే తగిలింది. అదే సంప్రదాయంలోని హెజిసియాస్, దేహానికి ఇన్ని బాధలుండగా ఆనందమయ జీవితం అసాధ్యమని బోధించాడు. అతని ప్రసంగాలను ఈజిప్టును ఏలిన టోలెమీ రాజు నిషేధించాడని రోమన్ రచయిత సిసెరో రాశాడు.

ప్లేటో ‘గోర్గియాస్’ సంభాషణలో కాలిక్లీస్ కోరికలను అణచకుండా పెంచి తీర్చుకోవడమే మంచి జీవితమంటాడు. అలాంటి జీవితం చిల్లికుండలను నింపుతూ ఉండటం లాంటిదని సోక్రటీస్ పోలిక తెస్తే, కుండలు నిండినవాడు రాయిలా పడి ఉంటాడని ఎదురు చెబుతాడు. జవాబు మంచిదే. అసలు చిక్కు తరువాత వచ్చింది. దురద పుట్టి జీవితమంతా గోక్కుంటూ హాయిగా ఉండేవాడు సుఖజీవేనా అన్న ప్రశ్నతో మొదలైన ఒత్తిడికి తలవంచి, కొన్ని సుఖాలు మేలైనవి, కొన్ని నాసిరకం అని అతను ఒప్పుకున్నాడు. మేలు కీడులను కొలవడానికి సుఖం కాక మరో కొలత ఉందని ఒప్పుకోవడమే అది. ‘ఫిలెబస్’లో వాదం మరింత పదునెక్కింది: జ్ఞాపకం, బుద్ధి లేకపోతే సుఖపడుతున్నానన్న ఎరుక సైతం ఉండదు, అది గుల్లలోని జలచరం బతుకు. ఎన్ని సుఖాలు చూపినా, జీవితమంతా పసివాడి బుద్ధితో ఉండిపోవడానికి ఎవరూ ఇష్టపడరని అరిస్టాటిల్ అన్నాడు. అతని దృష్టిలో సుఖం మంచి పనిని అంటిపెట్టుకుని వచ్చేదే కానీ, విడిగా గురిపెట్టే లక్ష్యం కాదు.

ఎపిక్యురస్ (క్రీ.పూ. 341–270) సుఖమంటే బాధ లేకపోవడం, మనసు కలతపడకపోవడం అన్నాడు. భోగి అని అతన్ని తిట్టినవారిలో చాలామంది ఈ సంగతి పట్టించుకోలేదు. క్రీ.పూ. 45లో సిసెరో మాత్రం సరైన చోటే పట్టుకున్నాడు: బాధ లేకపోవడం వేరు, సుఖం వేరు; రెంటినీ ఒకే పేరుతో పిలిస్తే ఒకటైపోవు.

ఆధునిక యుగంలో జోసెఫ్ బట్లర్ 1726లో అచ్చయిన ప్రసంగాల్లో, మనిషి ముందు అన్నాన్నో పేరునో కోరుతాడనీ, అది దొరికితే సుఖం కలుగుతుందనీ చూపాడు. ఆ కోరికలేవీ లేకపోతే సుఖానికి తావే లేదు. హెన్రీ సిడ్జ్‌విక్ 1874లో, సుఖం మీదే దృష్టి పెడితే సుఖం జారిపోతుందన్న వైరుధ్యాన్ని విశ్లేషించాడు. అయితే పరోక్షంగా వెదకమని సుఖవాదే సలహా ఇవ్వగలడు కాబట్టి ఇది సిద్ధాంతాన్ని కూల్చదు.

సుఖవాదం పందులకు తగిన తత్వమని కార్లైల్ ఎగతాళి చేస్తే, జాన్ స్టూవర్ట్ మిల్ 1861లో సుఖాల్లో ఉన్నతమైనవీ తక్కువవీ ఉన్నాయని బదులిచ్చాడు. కాలిక్లీస్ పడ్డ గుంటలోనే మిల్ పడ్డాడని విమర్శకుల మాట. 1903లో జి.ఇ. మూర్, ఈ ఒప్పుదలతో సుఖవాదం నిలవదని వాదించాడు.

1974లో రాబర్ట్ నోజిక్ ఊహించిన అనుభవ యంత్రం రెండో దారికి ప్రసిద్ధ రూపం. మెదడుకు తగిలిస్తే కోరిన అనుభవాలన్నీ నిజమనిపించేలా ఇచ్చే యంత్రం ఉంటే, జీవితమంతా అందులో ఉంటారా? వద్దంటే అనుభూతికి మించి మనకు కావలసింది ఏదో ఉన్నట్టే. కానీ 2010లో ఫెలిపె డి బ్రిగార్డ్ ప్రశ్నను తిరగేశాడు. మీరు ఇప్పటికే యంత్రంలో ఉన్నారు, బయటికి వస్తారా అని అడిగితే, దాదాపు సగంమంది అక్కడే ఉంటామన్నారు. జనం కోరుకున్నది వాస్తవాన్నా, అలవాటైన బతుకునా అన్న వివాదం ఇంకా నడుస్తోంది.