నవ్వులపాలైన చలనచిత్రము

చెడ్డదని యెఱిగియు నొక ఆటను కోరి చూచు వేడుక మనకు క్రొత్త గాదు. వీధి భాగవతములో రాజు మీస మూడిపడిన రాత్రియే ఊరివారికి చిరకాలము జ్ఞప్తియుండును. అమెరికాలో నట్టి వేడుకకు పాత్రమైనది 1957లో తొలుత ప్రదర్శింపబడిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ అను చలనచిత్రము. అన్యగ్రహవాసులు మృతులను లేపి మానవులపైకి పంపుట దాని కథ.

దర్శకుడు ఎడ్ వుడ్ చేత ధనము స్వల్పము. బాప్టిస్టు సంఘీయు లిచ్చిన సొమ్ముతో చిత్రమును తీసెను. ప్రసిద్ధనటుడు బేలా లుగోసీ 1956 ఆగస్టులోనే మరణించెను. అంతకుముందు తీసియుంచిన అతని కొలది దృశ్యములను వుడ్ విడువలేకపోయెను. తక్కిన భాగమునకు తన భార్యకు వెన్నెముక వైద్యము చేయు టామ్ మేసనును నిలిపి, నల్లని పైవస్త్రముతో ముఖమును కప్పించెను. ఆతడో లుగోసీకంటె పొడగరి! సమాధిరాళ్లు అట్టముక్కలవలె కదలును. ఒక్క సన్నివేశమందే పగలు రాత్రియగును.

1980లో మెద్వెద్ సోదరుల గ్రంథమున పాఠకులు దీనిని చిత్రములన్నిటిలో నికృష్టమని యెన్నుకొనిరి. అంతట జనులు దానిని వెదకి చూడసాగిరి. ఆ నవ్వు వట్టి యెగతాళి యని నేను తలపను. చచ్చిన నటుని విడువని ఆ మొండితనముపై మక్కువయు నందు కలదు. 1994లో టిమ్ బర్టన్ వుడ్ జీవితమునే చిత్రముగా తీయగా, లుగోసీ వేషము ధరించిన మార్టిన్ లాండో ఆస్కారు బహుమానము నందెను.

వుడ్ మాత్ర మీ కీర్తి నెఱుగడు. అద్దెయిల్లు పోగొట్టుకొని, మిత్రుని యింట 1978 డిసెంబరులోనే కన్నుమూసెను.