ఎంగేజ్ టోన్ నాటి వ్యాపారం

1978 జనవరిలో షికాగోను మంచు ముంచెత్తింది. రోడ్లు మూసుకుపోయాయి. ఆఫీసుకు వెళ్లే దారిలేక ఇంట్లోనే ఉండిపోయిన ఐబీఎం ఉద్యోగి వార్డ్ క్రిస్టెన్సన్ తన స్నేహితుడు రాండీ స్యూస్‌కు ఫోన్ చేశాడు. ఇద్దరూ ఊళ్లోని కంప్యూటర్ అభిమానుల సంఘంలో సభ్యులు. ఆ సంఘం సమావేశాల్లో ఒక కార్క్ బోర్డు ఉండేది. అమ్మకాలు, కొనుగోళ్లు, వచ్చే మీటింగు కబుర్లు చీటీల మీద రాసి దానికి గుచ్చేవాళ్లు. ఆ బోర్డునే ఫోన్ లైను మీదికి ఎక్కిస్తే? క్రిస్టెన్సన్ ప్రోగ్రాం రాశాడు, యంత్రం సంగతి స్యూస్ చూసుకున్నాడు. పని రెండు వారాల్లో తేలిపోయింది. అంత తొందరగా అయిందంటే ఎవరూ నమ్మరని నెల పట్టిందని చెప్పుకున్నారు. అలా ఫిబ్రవరి 16 ఆ బోర్డు పుట్టినరోజైంది. దానికి వాళ్లు పెట్టిన పేరు సీబీబీఎస్. డయల్-అప్ బులెటిన్ బోర్డులన్నిటికీ అదే మొదటిది.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలన్నది అప్పుడు తేల్చుకోవలసిన ప్రశ్న. క్రిస్టెన్సన్ ఇల్లు శివారులో, స్యూస్ ఇల్లు నగరంలో. నగరంలో పెడితే షికాగో వాళ్లెవరు చేసినా లోకల్ కాలే అవుతుంది. శివారులో పెడితే చాలామందికి బిల్లు పడుతుంది. యంత్రం స్యూస్ ఇంటికి చేరింది. ఆ తర్వాత పదిహేడు, పద్దెనిమిదేళ్ల పాటు ఈ వ్యాపారంలోకి దిగిన ప్రతి మనిషీ మొదట వేసుకున్న లెక్క ఇదే: నా నంబరు ఎవరెవరికి లోకల్ అవుతుంది?

అమెరికాలోనే ఇది మొలకెత్తడానికి రెండు కారణాలున్నాయి. ఫోన్ కంపెనీది కాని పరికరాన్ని ఫోన్ లైనుకు తగిలించడం అక్కడ చాలాకాలం నిషేధం. 1968లో కార్టర్‌ఫోన్ అనే పరికరం మీద నడిచిన వివాదంలో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. బయటి కంపెనీల మోడెములకు, అంటే కంప్యూటరును ఫోన్ లైనుకు కలిపే పరికరాలకు, దారి తెరుచుకున్నది అక్కడే. రెండోది ధర. చాలా ఊళ్లలో నెలకింత అని కట్టేస్తే లోకల్ కాల్స్ ఎంతసేపు మాట్లాడినా అదనంగా పైసా పడేది కాదు. రాత్రంతా లైను పట్టుకుని కూర్చున్నా ఇంట్లోవాళ్ల తిట్లే తప్ప బిల్లు భయం లేదు.

1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెమ్ తెచ్చాక నంబరు తిప్పడం, ఫోన్ ఎత్తడం, పెట్టేయడం అన్నీ కంప్యూటరే చేయగలిగింది. ఇక సొంత బోర్డు పెట్టడానికి కావలసినవి ఒక కంప్యూటరు, ఒక మోడెము, ఒక ఫోన్ లైను, కొంచెం ఓపిక. నడిపేవాణ్ణి సిస్టమ్ ఆపరేటర్ అనేవాళ్లు, పొట్టిగా సిసాప్. పడకగదిలో, గ్యారేజీలో, దుకాణం వెనక గదిలో బోర్డులు వెలిశాయి.

పెట్టడం తేలికే, చందాల మీద వచ్చే ఆదాయం లెక్కే కష్టం. ఒక లైను మీద ఒక్కసారికి ఒక్కడే. ఒకే కుర్చీ ఉన్న సెలూన్ లాంటి వ్యవహారం, పైగా బయట బెంచీ కూడా లేదు. రెండోవాడికి వినిపించేది ఎంగేజ్ టోన్. సెకనుకు 300 బిట్ల మోడెము ఆ సెకనులో దాదాపు 30 అక్షరాలు పంపుతుంది. 80 అక్షరాల వరసలు 24 ఉన్న తెర నిండాలంటే నిమిషం పైనే పడుతుంది. ఒక్కొక్కరు గంట కూర్చుంటే రోజుకు 24 మంది, అంతే. అందుకే సిసాప్‌లు రోజుకు ఇన్ని నిమిషాలే అని హద్దు పెట్టారు, టైమైపోతే లైను కోసేశారు. రెండో లైను వేస్తే నెల నెలా ఇంకో బిల్లు, ఇంకో మోడెము. రెండుసార్లు ఎంగేజ్ వస్తే మనిషి మూడో నంబరుకు పోతాడు. ఆ మూడో నంబరు సంపాదించడం కష్టమేమీ కాదు, ప్రతి బోర్డులోనూ మిగతా బోర్డుల నంబర్ల జాబితా ఉండేది. పోటీదారుల చిరునామాలను తమ దుకాణంలోనే అతికించుకున్న వ్యాపారం మరొకటి ఉందో లేదో.

జనాన్ని రప్పించడానికి అందరూ పట్టిన మొదటి దారి ఫైళ్లు. షేర్‌వేర్ ప్రోగ్రాములు, ఆటలు, బొమ్మలు. క్రిస్టెన్సన్ 1977లోనే రాసిన ఎక్స్‌మోడెమ్ పద్ధతి వల్ల ఫైలు చెడకుండా చేరేది. 1989లో ఫిల్ కాట్జ్ పీకేజిప్ తెచ్చి ఫైళ్లను కుదించి పంపే పనిని ఇంకా మెరుగుపరిచాడు. నిమిషాలే సరుకైన వ్యాపారంలో చిన్న ఫైలంటే ఖాళీ లైను. మోడెముల కంపెనీలకూ ఈ లోకం బాగా అర్థమైంది. యూఎస్ రోబోటిక్స్ తన వేగవంతమైన మోడెములను సిసాప్‌లకు భారీ తగ్గింపుతో అమ్మేది. తనకిష్టమైన బోర్డులో ఆ మోడెము ఉందని తెలిస్తే ఆ వేగం అందుకోవడానికి చందాదారు కూడా అదే కంపెనీది కొంటాడు. ఒక సిసాప్‌కు తక్కువకు ఇచ్చి వందమందికి పూర్తి ధరకు అమ్ముకోవడం.

ఫైళ్ల దారిలో ఎంత దూరం పోవచ్చో చూపించినవాడు విస్కాన్సిన్‌లోని బాబ్ మహోనీ. 1983లో మిల్వాకీ పక్కన ఎగ్జెక్-పీసీ అనే బోర్డు మొదలుపెట్టాడు. 1990ల తొలి ఏళ్లకు అది 200కు పైగా లైన్లతో ప్రపంచంలోని అతిపెద్ద బోర్డుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. చందా కట్టినవాళ్లకు ఎక్కువ సమయం, లక్షల ఫైళ్లలో వెతుక్కునే వీలు దొరికేవి. దూరప్రాంతాల నుంచి ట్రంక్ కాల్ ఖర్చు పెట్టుకుని మరీ ఫోన్ చేసేవాళ్లు. అంత ఖర్చుపెట్టి వచ్చిన మనిషికి ఎంగేజ్ టోన్ వినిపించకూడదు. 200 లైన్ల వెనకున్న ఆలోచన అదే.

అదే ఫైళ్లు కొందరి కొంప ముంచాయి. కొత్త సరుకు రావాలంటే చందాదారులే పంపాలి. పంపినవాళ్లకు దింపుకునే హక్కు పెరిగే నిష్పత్తి పద్ధతి చాలాచోట్ల ఉండేది. ఒహాయోలోని బోర్డ్‌మన్‌లో ఓ దంపతులు నడిపిన రస్టీ ఎన్ ఈడీస్ దీంతోనే దేశమంతా పేరు సంపాదించింది. 1993 జనవరి 30న ఎఫ్‌బీఐ వాళ్లు వచ్చి కంప్యూటర్లు పట్టుకుపోయారు. కారణం, దొంగ సాఫ్ట్‌వేర్ ఆరోపణ. ఆ తర్వాత ప్లేబాయ్ పత్రిక తన ఫోటోలు ఆ బోర్డులో ఉన్నాయని దావా వేసింది. ఫైళ్లు ఎక్కించింది ఖాతాదారులేనన్న వాదన నిలబడలేదు. ఎక్కించమని ప్రోత్సహించి, సిబ్బందితో చూపించుకున్నాకే పైకి పెట్టారు గనక బాధ్యత బోర్డుదేనని 1997లో కోర్టు తేల్చింది. జనాన్ని నిలబెట్టుకోవడానికి వేసిన ఎత్తే సాక్ష్యంగా ఎదురు నిలిచింది.

ఫైళ్లతో అసలు చిక్కు వేరే ఉంది. ఫైలు దొరికినవాడు వెళ్లిపోతాడు. పక్క బోర్డులో అంతకంటే కొత్తది ఉంటే ఇటు తిరిగి చూడడు. రేపు మళ్లీ రావాలంటే రేపటి పని ఏదో ఇక్కడ మిగిలి ఉండాలి.

ఆ రహస్యం పట్టుకున్నవి డోర్ గేములు, అంటే బోర్డులోకి వచ్చి ఆడుకునే ఆటలు. ట్రేడ్‌వార్స్ 2002 అనే ఆటలో అంతరిక్ష వ్యాపారం, సేత్ రాబిన్‌సన్ 1989లో రాసిన లెజెండ్ ఆఫ్ ది రెడ్ డ్రాగన్‌లో అడవిలో యుద్ధాలు. రెండింట్లోనూ రోజుకు ఇన్ని ఎత్తులే. అవి అయిపోతే రేపటిదాకా ఆగాలి. మన పాత్ర నిద్రపోతుండగా వేరే ఆటగాడు వచ్చి దెబ్బ కొట్టి పోవచ్చు, పొద్దున లేవగానే ఏమైందో చూసుకోక తప్పదు. లైను ఒక్కరి చేతిలోనే ఎక్కువసేపు ఉండదు, మనిషి మాత్రం రోజూ వస్తాడు. ఒక్క లైను సిసాప్‌కు ఇంతకంటే ఏం కావాలి?

ఆటకంటే గట్టిగా కట్టిపడేసింది మాట. నిన్న రాసిన ఉత్తరానికి ఎవరేం జవాబు రాశారో చూడ్డానికి జనం మళ్లీ మళ్లీ ఫోన్ చేశారు. చిన్న బోర్డుల్లో సిసాప్ తానే తెర మీదికి వచ్చి ఖాతాదారుతో కబుర్లాడేవాడు. కొట్టు యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుని పలకరించినట్టే. అయితే ఒక ఊళ్లో మాట్లాడేవాళ్లు ఎంతమందుంటారు? ఆ గోడను పగలగొట్టింది శాన్‌ఫ్రాన్సిస్కో వాసి టామ్ జెన్నింగ్స్. 1984లో తన ఫిడో బోర్డునూ బాల్టిమోర్‌లో జాన్ మాడిల్ నడిపే బోర్డునూ కలిపి ఫిడోనెట్‌కు నాంది పలికాడు. పగలంతా పోగైన ఉత్తరాలను ట్రంక్ కాల్ ధరలు తక్కువుండే అర్ధరాత్రి వేళ యంత్రాలే ఒకదానికొకటి ఫోన్ చేసి ఇచ్చిపుచ్చుకునేవి. తెల్లారేసరికి లోకల్ కాల్ ఖర్చుతో దేశం అవతలి జవాబు చదువుకోవచ్చు. 1986 నాటికి డాలస్ సిసాప్ జెఫ్ రష్ ఎకోమెయిల్ తయారుచేసి బహిరంగ చర్చలనూ ఈ దారిలోకి తెచ్చాడు. డాలస్ సిసాప్‌లు పిజ్జాకు ఎక్కడ కలుసుకోవాలో మాట్లాడుకోవడం కూడా దాని తొలి ఉపయోగాల్లో ఒకటి. 1990ల నడిమికల్లా ఫిడోనెట్‌లో 30 వేలకు పైగా బోర్డులు చేరాయి.

మాటనే సరుకుగా అమ్మి నిలబడిన బోర్డుల్లో రెండింటిని చెప్పుకోవాలి. మొదటిది 1985లో కాలిఫోర్నియాలోని సాసలీటోలో మొదలైన ది వెల్. స్థాపకులు స్టూవర్ట్ బ్రాండ్, లారీ బ్రిలియంట్. 1970ల్లో భారతదేశంలో మశూచి నిర్మూలన కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున ఊరూరా తిరిగిన డాక్టర్ బ్రిలియంటే ఈయన. నెలకు 8 డాలర్లు, ఆపైన గంటకు 2 డాలర్లు. ఫైళ్లు దాదాపు లేవు, ఉన్నవి చర్చలు. చర్చలు నడిపేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోలేదు. పత్రికల వాళ్లకు ఉచిత ఖాతాలిచ్చారు, దాంతో ప్రచారమూ వచ్చింది, నోరున్న మనుషులూ వచ్చారు. మారుపేరుతో దాక్కునే వీల్లేదు, రాసిన మాటకు రాసినవాడిదే బాధ్యత. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సంగీత బృందం అభిమానులు 1986లో సొంత చర్చావేదిక పెట్టుకున్నాక గంటల లెక్క అమాంతం పెరిగింది. కచేరీకీ కచేరీకీ మధ్య ఆ అభిమానులకు వేరే తావు లేదు, వాళ్ల బిల్లులే సంస్థను చాలాకాలం మోశాయి. నెలనెలా ఆఫీసులో విందు పెట్టేవాళ్లు. రాత్రుళ్లు తెర మీద పోట్లాడుకున్నవాళ్లు అక్కడ ముఖాముఖి కలిసేవాళ్లు.

రెండోది న్యూయార్క్‌లో స్టేసీ హార్న్ 1990లో ప్రారంభించిన ఎకో. అప్పటి బోర్డుల్లో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. హార్న్ వాళ్లకు మొదట్లో ఏడాది ఉచిత సభ్యత్వం ఇచ్చింది, వాళ్లకు మాత్రమే చోటున్న వేదిక పెట్టింది, అందులో చేరేవాళ్లకు తానే ఫోన్ చేసి కనుక్కునేది. సభ్యుల్లో దాదాపు 40 శాతం ఆడవాళ్లయ్యారు. చర్చలు యంత్రాల చుట్టూ కాక పుస్తకాలు, సినిమాలు, ఊరి సంగతుల చుట్టూ తిరిగాయి. న్యూయార్క్ వాళ్లు కాబట్టి సాయంత్రం బార్‌లో కలుసుకోవడమూ మామూలైంది. లోకల్ కాల్ హద్దు అందరికీ ఇబ్బందే. హార్న్ దాన్నే పెట్టుబడిగా మలుచుకుంది.

భారతదేశంలో ఈ విద్య మొలకెత్తింది గానీ కొమ్మలు వేయలేదు. బెంగళూరులో అతుల్ చిట్నిస్ సిక్స్ అనే బోర్డు నడిపాడు, బొంబాయిలోనూ కొన్ని లేచాయి. ఇక్కడ ఫోన్ కనెక్షన్ కోసమే ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు. లోకల్ కాల్‌కూ మీటరు తిరిగేది. దానికి తోడు 1990ల తొలి ఏళ్లలో టెలికాం శాఖ లక్షల రూపాయల లైసెన్సు ఫీజు అడిగింది. ఇంట్లో ఒక లైను మీద సరదాగా నడిపేవాడు అంత ఎక్కడ తేగలడు? 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచాక ముందుగా అడుగుపెట్టింది హైదరాబాద్ సత్యం గ్రూపుకు చెందిన సత్యం ఇన్ఫోవే. తెలుగు ఊళ్లలో చాలామందికి డయల్-అప్ అంటే ఆనాటి గంటల లెక్క ప్యాకులే గుర్తొస్తాయి. చిన్న బోర్డుల దశ చాలామందికి తెలియకుండానే దాటిపోయింది.

అమెరికాలో వెబ్ వచ్చాక నాలుగైదేళ్లలో బోర్డులు కూలిపోయాయి. 1994లో 60 వేలు ఉన్నాయని ఒక అంచనా. తర్వాత రెండు మూడేళ్లకే సిసాప్‌లు ఒక్కొక్కరే లైన్లు తీయించేశారు. తెలివైనవాళ్లు తమ మోడెములనూ లైన్లనూ ఇంటర్నెట్ అమ్మకానికి తిప్పుకున్నారు. ఎగ్జెక్-పీసీ అలాగే ఇంటర్నెట్ సంస్థగా మారింది. పెద్ద కంపెనీలకు మాత్రం లైన్ల లెక్క కొత్త పాఠమైంది. 1996 డిసెంబరులో అమెరికా ఆన్‌లైన్ గంటల లెక్క మానేసి నెలకు 19.95 డాలర్లకు ఎంతసేపైనా అని ప్రకటించింది. జనం లైను పట్టుకుని వదల్లేదు. వారాల తరబడి ఎంగేజ్ టోనే వినిపించింది, పలు రాష్ట్రాల అటార్నీ జనరల్‌లు రంగంలోకి దిగారు, డబ్బు వాపసు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోవలసి వచ్చింది. 1980ల్లో పడకగది సిసాప్ రోజుకు ఇన్ని నిమిషాలని హద్దు పెట్టింది ఈ గొడవ రాకూడదనే.

ఫైళ్ల బోర్డుల ఖాతాదారులు వెబ్‌కు తరలిపోయారు, అక్కడ ఫైళ్లు ఉచితం. మాటల బోర్డులు కుంచించుకుపోయినా మిగిలాయి. ఎకో మోడెములు పోయాక కూడా నడిచింది. ది వెల్ చేతులు మారుతూ 1999లో సలాన్ పత్రికకు చేరింది. 2012లో ఆ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు కొన్నది పాత సభ్యులే. తమలో తాము పోగేసుకుని 4 లక్షల డాలర్లు చెల్లించి, ఏళ్ల తరబడి చందా కట్టిన సంస్థను సొంతం చేసుకున్నారు.