బండమీది ఎద్దు, మెడలోని పతకము

పాకాల జంక్షనులో రైలెక్కి ధర్మవరము, గుంతకల్లుల మీదుగా బళ్ళారికి పోవునపుడు దారిలో పలుచోట్ల గ్రానైటు కొండలు కనిపించును. ఇట్టి కొండలలో అచ్చటచ్చట నల్లని రాతిపట్టీలుండును. కరిగిన శిలాద్రవము గ్రానైటు పగుళ్ళలోనికి చొచ్చి గడ్డకట్టగా ఏర్పడిన డోలరైటు అది.

బళ్ళారి చెంతనున్న కప్పగల్లు కొండపై ఇట్టి నల్లరాతిమీద వందలకొలది బొమ్మలు కలవు. వీటిని గూర్చి 1892లో ఫాసెట్ అను పోలీసు అధికారి ప్రకటించినాడు. 1951లో గోర్డన్ మరల వ్రాసినాడు. మూపురము, పొడవైన కొమ్ములు గల ఎద్దులే వీటిలో మిక్కుటము. చాలభాగము పశుపోషకులైన నవీన శిలాయుగపు మానవుల పనియని పరిశోధకుల అభిప్రాయము. దక్షిణ భారతమున ఆ యుగము సుమారు 5,000 ఏండ్ల క్రిందట ఆరంభమైనది. ఆ ఎద్దును యాత్రికులు గుర్తుగా కొనిపోదగిన చిన్న పతకముగా మలచవచ్చును. ఎట్లో చూతము.

ముందు బండపై బొమ్మ ఎట్లు ఏర్పడినదో తెలియవలెను. ఎండకు, వానకు డోలరైటుపై ముదురురంగు పొర కట్టును. గట్టిరాతితో కొట్టినచో ఆ పొర రాలి లోపలి లేతరంగు బయటపడును. కాలక్రమమున ఆ చోటు కూడ ముదురును. కావుననే ఒకే బండపై లేతగానున్న బొమ్మ తక్కినవాటికంటె ఇటీవలిదై యుండవచ్చును.

కంసాలి వెండితో ఇట్టి పనియే చేయగలడు. రేకుపై ఎద్దును ఉబ్బెత్తుగా నిలిపి, గంధక లవణముల ద్రావణములో ముంచినచో వెండి సల్ఫైడు ఏర్పడి పతకమంతయు నల్లబడును. పిదప ఉబ్బెత్తు భాగమును మెరుగుపెట్టగా నల్లని నేలపై తెల్లని ఎద్దు నిలుచును. రెండు చోట్లను సూత్రమొక్కటే: నలుపును తొలగించి బొమ్మను రాబట్టుట. బండమీద లేని గంటలను, పూలదండలను చేర్చరాదు. మూపురము, కొమ్ములు చాలును.

నమూనా తీయుటకు బండను తాకనక్కరలేదు. సుద్దతో దిద్దుట, నూనె పూయుట బొమ్మకు హాని. పక్కన స్కేలుంచి ఫొటో తీసి, గళ్ళ కాగితముపై తగ్గించి గీయవలెను. 30 సెంటీమీటర్ల ఎద్దు 3 సెంటీమీటర్లకు దిగినపుడు కొమ్ము మందమును కూడ పదవ వంతు చేసినచో అది విరిగిపోవును. దానిని కొంచెము లావుగా ఉంచవలెను.

ఈ జాగ్రత్తకు మరియొక కారణము కలదు. 2004లో నికోల్ బోయివిన్ ‘ఆంటిక్విటీ’ పత్రికలో ఈ కొండను వర్ణించినది. ఇచ్చటి కొన్ని బండలను రాతితో తట్టినచో గంటవలె మ్రోగును. రాతి క్వారీల వలన ఈ స్థలమునకు ముప్పు కలదని కూడ ఆనాడే హెచ్చరిక వెలువడినది. వ్యాపారులు ‘నల్ల గ్రానైటు’ అను రాయి తరచు డోలరైటు జాతిదే. చిత్తూరు సీమలోను క్వారీలు కలవు.

పతకము పోయిన మరియొకటి చేయవచ్చును. పగులగొట్టిన బండను తిరిగి చేయలేము. కనుక పతకము వెనుక ఆ కొండ పేరు చెక్కవలెను. కొన్నవాడు ఆ పేరు చదివి, అసలు ఎద్దు ఎచ్చటనున్నదో తెలిసికొనును. ఉపాధ్యాయులు విద్యార్థులచే తమ ఊరి బండలను కూడ ఇట్లే తాకకుండ పరిశీలింపజేసి, కనిపించిన గుర్తులను కొలతలతో గీయించిన మేలు.