తలుపు తీసిన ఇళ్లు: నల్లగొండ పల్లెల్లో రహస్య ఆశ్రయం (1946–1951)

పోలీసులు వెదుకుతున్న మనిషిని ఇంట్లో దాచి తిండి పెట్టడాన్ని తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ‘షెల్టర్ ఇవ్వడం’ అన్నారు. ‘డెన్’ (రహస్య స్థావరం), ‘కొరియర్’ లాంటి మాటలతో పాటే ఇదీ ఇంగ్లీషు నుంచి ఊళ్లోకి దిగి సొంత మాటైపోయింది. జర్మన్ ఆక్రమణలోని హాలండ్‌లో యూదులను ఇళ్లలో దాచిన రోజుల్లో, అలా తలదాచుకున్నవాళ్లను అక్కడి జనం ‘మునిగినవాళ్లు’ అనేవారు. తెలుగువాడికి గుర్తొచ్చేది పాండవులు మారువేషాల్లో తలదాచుకున్న విరాటుడి కొలువు. కాకపోతే తాను దాచింది ఎవరినో విరాటుడికి తెలియదు. నల్లగొండ రైతుకు తెలుసు, పట్టుబడితే ఏమవుతుందో కూడా తెలుసు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయాక ఊళ్లలో ‘సంఘం’గా పిలిచిన ఆంధ్ర మహాసభ నాయకులపై వారంట్లు పెరిగాయి. మొదట్లో దాక్కోవడానికి చుట్టాల ఇళ్లే దిక్కు. ఆ సంగతి పోలీసులకూ తెలుసు కాబట్టి ఆ ఇళ్లనే ముందు సోదా చేసేవారు. దాంతో ఆశ్రయం బంధుత్వాన్ని దాటి, కులాన్ని దాటి, ఎవరూ అనుమానించని ఇళ్లకు చేరింది. ఉద్యమం నిలిచింది ఈ మార్పు వల్లేనని చెప్పినా తప్పులేదు.

1947 చివరి నుంచి నిజాం పక్షపు రజాకార్ల దాడులు ముదిరాయి. అప్పటి హుజూర్‌నగర్ తాలూకాలోని మేళ్లచెరువు, కోదాడ ప్రాంతాలకు ఒక వీలుండేది. దక్షిణాన కృష్ణ దాటితే పల్నాడు, తూర్పుకు నడిస్తే జగ్గయ్యపేట, రెండూ నిజాం ఏలుబడికి అవతల, మద్రాసు రాష్ట్రంలోవే. సూర్యాపేట దారిలోని మునగాల పరగణా అయితే చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా కృష్ణా జిల్లా కిందికి వచ్చేది. సరిహద్దు దాటి బతికిన కుటుంబాలెన్నో. అయితే 1948 మొదటినుంచి మద్రాసు ప్రభుత్వం కూడా, సంఘాన్ని నడిపిస్తున్న కమ్యూనిస్టుల మీద విరుచుకుపడడంతో వాళ్లకు అవతలి ఒడ్డునా దాపరికమే మిగిలింది.

దాచడంలో కాలం పాత్ర పెద్దది. భాద్రపదానికి జొన్న మనిషెత్తు దాటుతుంది, పగలంతా చేలో పడుకోవచ్చు. కోతలయ్యాక అదే పొలం అరచేయిలా బయటపడుతుంది. అప్పుడిక గడ్డివాము, అటక, గరిసె వెనక సందే గతి. అన్నిటికంటే కష్టం వంట. ఇద్దరున్న ఇంట్లో నలుగురికి వండితే పొయ్యి పొగే పట్టిస్తుంది. మధ్యాహ్నం చేనికి సద్ది మోసే ఆడమనిషిని మాత్రం ఎవరూ ఆపి అడగరు. గంపలో రెండు రొట్టెలు ఎక్కువున్నాయని లెక్కపెట్టేదెవరు? డెన్ల కాపలాలోనూ సగం బరువు ఆడవాళ్లదే. ఇల్లు మామూలు సంసారంలా కనబడాలంటే ముందు వాకిట్లో ముగ్గుండాలి. అలాంటి రహస్య జీవితాన్ని కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’లో రాశారు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం విజయవాడ వైపు నుంచి కోదాడ మీదుగా ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ వారంలోనే భయం ఇల్లు మారింది. ప్రతీకార దాడులు మొదలై, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు కూడా ఇప్పుడు దాక్కోవలసి వచ్చింది. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం నవంబర్, డిసెంబర్ నెలల్లో హైదరాబాద్ సంస్థానంలో తిరిగి, ఆ హింసలో తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయి. ఆ తరువాతి వరసలో నల్లగొండ పేరూ ఉంది. ఈ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. అందులోనే ఇంకో సంగతి ఉంది: చాలాచోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడారు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లకు అడ్డుపడి ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఒకే వృత్తిలో కలిసి బతికినవాళ్ల మధ్య ఆ అండ గట్టిగా కనిపించిందని బృందం ప్రత్యేకంగా రాసింది.

ఆ తరువాత వేట మళ్లీ కమ్యూనిస్టుల మీదికి తిరిగింది. రజాకారు ఊరి మీద పడి పోయేవాడు. సైన్యం క్యాంపు వేసి కూచుంది. మైదానపు పల్లెల్లో ఆశ్రయం కష్టమై దళాలు నల్లమలకు, గోదావరి అడవులకు చేరాయి. అక్కడ అన్నం పెట్టింది చెంచులు, కోయలు. ఆ అన్నం అందకుండా చేయడానికే గోదావరి తీరంలో కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని ఒకచోటికి చేర్చి కాపలా పెట్టారు. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది.

యూదులను దాచిన వారిని ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెం సంస్థ 1963 నుంచి సాక్ష్యాలు వెదికి మరీ గౌరవిస్తోంది. ఇప్పటికి 28 వేలకు పైగా పేర్లు ఎక్కాయి. ఇక్కడ స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేసిన మహిళల జ్ఞాపకాల్లో ఈ ఇళ్ల ఆనవాళ్లు కొన్ని దొరుకుతాయి. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు జైలు సర్టిఫికెట్టో, అజ్ఞాతంలో ఉన్నట్టు తలకు వెల కట్టిన ప్రకటనో, వారంటో లాంటి కాగితం చూపాల్సి వచ్చేది. గంపలో రెండు రొట్టెలు ఎక్కువ మోసినందుకు ఏ వారంటూ రాలేదు.